పండు తిన్నవాడి పేరు

జూన్, జూలై నెలల్లో చిత్తూరు–పలమనేరు దారిలో బంగారుపాళ్యం దాటాలంటే కాస్త ఓపిక కావాలి. తోతాపురి కాయతో నిండిన ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారు తీరి ఉంటాయి. మార్కెట్ యార్డులో మండీలు, బయట ర్యాంపులు. కాయ తోలుకొచ్చిన రైతు చేతికి తూకం చీటీ వస్తుంది. దాని మీద తేదీ, బండి నంబరు, బరువు, తరుగు అన్నీ ఉంటాయి. అక్కడినుంచి కాయ గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. గుజ్జు డబ్బాలకెక్కి, ఏ ఊళ్లోనో ఏ దేశంలోనో రసంగా మారి ఒక పిల్లవాడి చేతిలోని సీసాలోకి చేరుతుంది. ఆ పిల్లవాడెవరో రైతుకు తెలియదు, ఆ తోపు ఎక్కడుందో పిల్లవాడికీ తెలియదు. చీటీ మీద ఎన్ని అంకెలున్నా పండు తిన్నవాడి పేరు మాత్రం ఉండదు.

ఆ లోటు ఖరీదెంతో 2025 సీజన్లో తేలిపోయింది. ఫ్యాక్టరీలు కొనడం తగ్గించాయి, ధర కూలిపోయింది, కాయ బండ్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు పడిగాపులు పడ్డాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలివ్వాలని, తాను 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కేలా చూస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. జూలైలో కొన్నాళ్లు రాష్ట్ర రాజకీయం బంగారుపాళ్యం యార్డు చుట్టూనే తిరిగింది. కొనేవాళ్లు గుప్పెడు మంది, అమ్మేవాళ్లు వేలమంది అయినచోట ధర అడిగే నోరు రైతుకు ఉండదు.

అదే నేలమీద బేనీషా, ఇమామ్‌పసంద్, మల్గూబా లాంటి తినే రకాలు పండించే రైతుకు ఇవాళ మరో దారి కూడా ఉంది. అట్టపెట్టెలో ఐదు కిలోలు సర్ది బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు పంపి, డబ్బు ఫోన్లోనే అందుకొని, రెండు రోజులాగి "పండు ఎట్లుండాది సార్?" అని అడగవచ్చు. ఈ చిన్న ప్రశ్న అడగగలగడం వెనక సుమారు నూటయాభై ఏళ్ల కథ ఉంది. అందులో తపాలా శాఖ ఉంది, తలనొప్పి మందు అమ్మిన దేశభక్తుడున్నాడు, కారు విడిభాగాలు లెక్కపెట్టుకోలేక తంటాలు పడిన జపాన్ ఇంజనీరున్నాడు, ప్రకటనలంటే గిట్టని ఉక్రెయిన్ వలసదారుడున్నాడు. ఆన్‌లైన్ మార్కెటింగ్ అనగానే ప్రకటనల విద్య అనుకుంటాం. చిన్న వ్యాపారి వైపునుంచి చూస్తే, కొన్నవాడి పేరు అమ్మినవాడి చేతికి ఎలా వచ్చిందన్నదే దాని అసలు కథ.

పోస్టుమాను మోసిన పరిచయాలు

ఊరి అంగడికి ఈ బాధ లేదు. ఎవరింట్లో ఎంత బియ్యం పడుతుందో, ఎవరికి నెలాఖరుకు చెయ్యాడదో, ఎవరి బిడ్డకు పెళ్లి కుదిరిందో అంగడాయనకు తెలుసు. అప్పు ఖాతా పుస్తకంలో అందరి పేర్లూ ఉంటాయి. మార్కెటింగ్ పాఠాల్లో 'కస్టమర్ రిలేషన్‌షిప్' అని చెప్పేదంతా ఆ పుస్తకంలోనే ఉంది: ఎవరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, మళ్లీ ఎప్పుడొస్తారు. కాకపోతే ఆ పుస్తకం బలం ఊరి పొలిమేర దాకానే. పొలిమేర దాటిన సరుకు దళారి చేతిలో పడుతుంది. దళారికి ఇద్దరూ తెలుసు, ఆ ఇద్దరికీ ఒకరికొకరు తెలియరు. అతని కమీషన్లో సగం ఆ తెలియనితనానికి పడే వెలే.

పొలిమేర దాటించిన తొలి ఏర్పాటు తపాలా శాఖది. 1877లో మన దేశంలో వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్ట్) మొదలైంది. వ్యాపారి పార్సెల్ కట్టి, దాని వెల రాసి పోస్టాఫీసులో ఇస్తాడు. పోస్టుమాను దాన్ని కొనేవాడి గుమ్మం దాకా తీసుకెళ్లి, డబ్బు తీసుకున్నాకే చేతికిస్తాడు. ఆ సొమ్ము వ్యాపారికి తిరిగి చేరుతుంది. 1880లో మనియార్డర్ల పని కూడా తపాలా శాఖకే వచ్చాక ఈ చక్రం నున్నగా తిరగసాగింది. ముందు డబ్బు పంపితే సరుకు రాదేమోనని కొనేవాడి భయం, ముందు సరుకు పంపితే డబ్బు రాదేమోనని అమ్మేవాడి భయం. ఇద్దరి భయాన్నీ ఖాకీ చొక్కా వేసుకున్న మూడో మనిషి తీర్చాడు. పార్సెల్ తిరగ్గొడితే మాత్రం రానుపోను ఖర్చు అమ్మినవాడి నెత్తినే పడేది. ఇవాళ్టి 'క్యాష్ ఆన్ డెలివరీ' సుఖమూ దుఃఖమూ రెండూ ఆనాడే ఉన్నాయి.

వి.పి.పి. తెచ్చిన మరో లాభం వ్యాపారులకు మెల్లగా అర్థమైంది. ఆర్డరు ఒక కార్డు మీద వస్తుంది. కార్డు మీద మనిషి పేరు, ఇంటిపేరు, గ్రామం, పోస్టు, తాలూకా ఉంటాయి. ఎక్కడో మద్రాసులో కూర్చున్న వ్యాపారి చేతికి, తానెన్నడూ చూడని పల్లెలోని మనిషి వివరం మొదటిసారి వచ్చింది. ఆ కార్డులు పారేసినవాడు ఒకసారి అమ్మాడు, దాచుకున్నవాడు ప్రతి ఏడూ అమ్మాడు.

తెలుగువాళ్లలో ఈ కిటుకు బాగా పట్టుకున్నవాడు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. పేరు లేని కొత్త మందును ఎవరు కొంటారు? సంగీత సభలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచారని చెబుతారు. రాత్రంతా మేలుకొని తల దిమ్మెక్కినవాడికి అక్కడే ఉపశమనం దొరికితే, మర్నాడు అంగట్లో దాని పేరు అడుగుతాడు. మచ్చుకు సరుకిచ్చి మనిషిని గెలుచుకునే పద్ధతి ఇది. ఆయన అక్కడితో ఆగలేదు. 1908లో బొంబాయినుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసునుంచి దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. దేశసేవ, భాషాసేవ ఆయన ఉద్దేశమన్నదాంట్లో సందేహం లేదు. అమృతాంజనం సంపాదన పత్రికను నిలబెట్టింది, పత్రిక వెళ్లిన ప్రతి ఇంటికీ అమృతాంజనం పేరూ వెళ్లింది.

మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి ఇంకో అడుగు ముందుకేశారు. ఆయన మందుల సంస్థ కేసరి కుటీరం తయారుచేసిన 'లోధ్ర' ఆడవాళ్ల మందు. దాన్ని కొనవలసిన స్త్రీలు బజారుకు వచ్చి బాహాటంగా అడిగే కాలం కాదది. ఆయన 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించారు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వెలువడింది అందులోనే. స్త్రీలు చదివారు, స్త్రీలు రాశారు, పత్రిక ఇంట్లో మనిషైంది. ఆ నమ్మకం నీడలోనే మందు కూడా ఇంట్లోకొచ్చింది. ఇప్పుడు 'కంటెంట్ మార్కెటింగ్' పేరుతో నేర్పుతున్న విద్యను మన మద్రాసు తెలుగువాళ్లు ఆనాడే అచ్చు వేసి పోస్టులో పంపారు. అమ్మకం అడగని మాటలు పది చెప్పినవాడికే అమ్మకం మాట ఒకటి చెప్పే చోటు దొరుకుతుందని వాళ్లకు తెలుసు.

జాబితా ఉంటే చాలదు

కంప్యూటర్లు వచ్చాక పేర్లు దాచడం సులువైంది, దాంతోపాటే పేర్లను దుర్వినియోగం చేయడమూ సులువైంది. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఇంటర్నెట్‌కు ముందు పరిశోధకులు వాడిన అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. ఎవరూ అడిగింది కాదు. పరిశోధకులు మండిపడ్డారు. ఒక్కొక్కరికి విడిగా రాయాల్సిన శ్రమ తప్పిన రోజే, అక్కర్లేనివాడి గుమ్మం ముందు అరిచే అవకాశమూ పుట్టింది. పేరు తెలిసినంత మాత్రాన మాట్లాడే హక్కు వచ్చినట్టు కాదని ఆ 400 మంది కోపం చెప్పింది. ఆ పాఠం ఇవాళ్టికీ చాలామంది వ్యాపారులకు ఎక్కలేదు.

పెద్ద కంపెనీలు మాత్రం ఖాతా పుస్తకాన్ని సాఫ్ట్‌వేర్‌గా మార్చుకున్నాయి. 1993లో సీబెల్, 1999లో సేల్స్‌ఫోర్స్ వచ్చాయి. 2005లో చెన్నై మూలాలున్న జోహో తన సీఆర్‌ఎం (కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్) తెచ్చింది. తర్వాత ఆ కంపెనీ మన రేణిగుంటలోనూ ఆఫీసు పెట్టింది. ఏ కొనుగోలుదారుతో ఏ తేదీన ఏం మాట్లాడారు, ఎక్కడ ఫిర్యాదు మిగిలిపోయింది, ఎవరికి మళ్లీ ఫోన్ చేయాలి వంటివన్నీ ఇందులో వరుసగా ఉంటాయి. పనిముట్టు మంచిదే. కానీ దానికి కంప్యూటరు కావాలి, ఈమెయిలు కావాలి, ఇంగ్లిషు కావాలి, రోజూ కూర్చొని నింపే తీరిక కావాలి. మొగిలి ఘాటు పక్క పల్లెలో మామిడితోపు చూసుకుంటూ రెండు ఆవులు మేపుకునే మనిషికి ఈ నాలుగూ ఎక్కడివి? అతనికి తగిన పనిముట్టు కంపెనీల సాఫ్ట్‌వేర్ గదుల్లోంచి రాలేదు, జేబులోని ఫోను పేర్ల పట్టీలోంచి వచ్చింది.

పేర్ల పట్టీలో వెలిసిన అంగడి

జాన్ కూమ్ ఉక్రెయిన్‌లో పుట్టి, పదహారో ఏట తల్లితో కాలిఫోర్నియా చేరాడు. యాహూలో పనిచేశాడు. 2009 మొదట్లో ఐఫోన్ కొన్నాక అతనికొక ఆలోచన వచ్చింది. ఫోన్లో దాచుకున్న పేర్ల పక్కన, ఆ మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో ఒక ముక్క కనిపిస్తే బాగుంటుంది కదా: ఫోన్ ఎత్తలేను, బ్యాటరీ అయిపోతోంది, వ్యాయామంలో ఉన్నాను. ఇంతే వాట్సాప్ తొలి రూపం. అందులో ఉత్తరప్రత్యుత్తరాలు లేవు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ జూన్‌లో యాపిల్ పుష్ నోటిఫికేషన్లు తెచ్చింది. స్టేటస్ మార్చగానే స్నేహితుల ఫోన్లలో గణగణ. దాంతో అతని మిత్రులు స్టేటస్‌ను వేరే విధంగా వాడటం మొదలుపెట్టారు. ఒకడు 'ఆలస్యంగా లేచాను' అని పెడితే ఇంకొకడు తన స్టేటస్‌లో దానికి జవాబు పెట్టాడు. తాను తయారుచేసింది స్టేటస్ పలక కాదు, మాట్లాడుకునే సాధనమని కూమ్‌కు అప్పుడు అర్థమైంది. యూజర్ నేమ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఈమెయిల్ అక్కర్లేదు. ఫోను నంబరే మనిషి గుర్తు. మనకు ఇదే కలిసొచ్చింది. మన పల్లెల్లో ఈమెయిల్ లేనివాళ్లు కోట్లమంది ఉన్నా నంబరు లేని ఇల్లు అరుదు.

కూమ్‌కు, అతని సహచరుడు బ్రయన్ యాక్టన్‌కు ప్రకటనలంటే పడేది కాదు. యాహూలో వాటి మధ్యే పనిచేసి విసిగిపోయారు. ప్రకటనలు వద్దని యాక్టన్ రాసిచ్చిన చీటీ కూమ్ బల్లమీద అతికించి ఉండేది. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఆ సంస్థను 19 బిలియన్ డాలర్లకు కొనబోతున్నట్టు ప్రకటించింది. ప్రకటనలను ద్వేషించినవాళ్లు కట్టిన ఇంట్లోకే ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా చిరు వ్యాపారులు అంగడి సామానుతో దిగారు. ధర్మవరం చీర ఫోటో, గుంటూరు కారం ఫోటో, గోదావరి జిల్లాల పూతరేకుల ఫోటో. కింద ధర, దాని కింద "కావలసినవారు మెసేజ్ పెట్టండి". ఎవరూ వాళ్లకు నేర్పలేదు. బెంగళూరులో 2015లో పుట్టిన మీషో కూడా ఇంట్లో కూర్చొని వాట్సాప్‌లో చీరలమ్మే ఆడవాళ్లను చూసే తన తొలి దారి వేసుకుంది.

వాట్సాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ జాబితాను ఇక్కడ కాస్త ఆగి చూడాలి. చాలాకాలం ఒక్కో జాబితాలో 256 మందికి చోటుండేది. వ్యాపారి ఒకసారి పంపితే అందరికీ విడివిడిగా వెళ్తుంది, ఒకరి పేరు ఇంకొకరికి కనిపించదు. దీనికొక షరతుంది: అందుకునే మనిషి తన ఫోన్లో ఈ వ్యాపారి నంబరు దాచుకొని ఉండాలి. లేకపోతే సందేశం చేరదు. అందుకే తెలివైన అమ్మకందారు మొదటి పెట్టెతోపాటే చెబుతాడు: "సార్, ఈ నంబరు 'మామిడి' అని సేవ్ చేసుకోండి." కొన్నవాడి పేరు అమ్మినవాడి దగ్గరుంటే చాలదు, అమ్మినవాడి పేరు కొన్నవాడి దగ్గరా ఉండాలి. 1978లో 400 మంది అడిగిన మర్యాదను ఈ చిన్న షరతు నియమంగా మార్చింది.

2013లో వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. తెలుగు టైపు చేయలేనివాడికి ఇది వరమైంది. "అన్నా, కాయ దింపినాము. గడ్డిలో మాగేసినాము. ఎల్లుండికి పండుతాది. ఎన్ని పెట్టెలు పంపేది?" ఇందులో ప్రకటన భాష లేదు, బొమ్మల హంగు లేదు. చిత్తూరు యాసే తోపు ఎక్కడిదో చెబుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే పలమనేరు కుర్రాడికి ఆ గొంతు వినగానే ఊరు గుర్తొస్తుంది. ఏ ఏజెన్సీ ఎంత డబ్బు తీసుకున్నా దాన్ని తయారుచేయలేదు.

వ్యాపారులు ముందే వాడుకుంటున్నదానికి కంపెనీ వెనక వచ్చి తలుపు బిగించింది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ యాప్ విడుదలైంది. కొట్టు వేళలు, చిరునామా, పలకరింపు సందేశం, పదేపదే అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉంచుకున్న జవాబులు, 'కొత్త ఆర్డరు', 'డబ్బు రావాలి', 'పంపాం' అని పేర్లకు కట్టుకునే రంగు చీటీలు అందులో వచ్చాయి. 2019లో సరుకుల కేటలాగు చేరింది. లక్షలు పోసి కొనే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్‌లోని వెన్నెముకంతా ఉచితంగా జేబులోకి వచ్చింది. రంగు చీటీలను రోజూ కట్టుకున్నవాళ్లకే అది ఉపయోగపడింది.

నలుపు తెలుపు చదరం

పేరు దొరికింది, మాట కలిసింది. మరి డబ్బు? పోస్టుమాను చేసిన పనిని ఇప్పుడెవరు చేస్తారు?

జవాబు సగం జపాన్ నుంచి వచ్చింది. 1994లో డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం క్యూఆర్ కోడ్ తయారుచేసింది. కారు విడిభాగాల పెట్టెల మీద పాత బార్‌కోడ్‌లు ఒకటికి పది అతికించి, ఒక్కొక్కటీ చదివి కార్మికులు అలసిపోతున్నారు. నలుపు తెలుపు రాళ్లతో ఆడే గో ఆట పలక చూసి హారాకు అడ్డంగా, నిలువుగా రెండు వైపులా సమాచారం నింపవచ్చని తట్టింది. పేటెంటు ఉన్నా ఆ సంస్థ జనాన్ని వాడుకోనిచ్చింది. అలా వాడుకోనివ్వకుండా ఉంటే ఇవాళ చిత్తూరు బస్టాండులో టీ బండి మీద ఆ చదరం ఉండేది కాదు.

మిగతా సగం మనది. 2016 ఏప్రిల్ 11న ముంబైలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ యూపీఐని ఆరంభించారు. బ్యాంకుల ఉమ్మడి సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని తయారుచేసింది. ఆగస్టు చివర్లో యాప్‌లు అందుబాటులోకి వచ్చాయి, సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా చవకైంది, నవంబరు 8న పెద్దనోట్ల రద్దుతో జేబులో నగదు మాయమైంది. ఒక్క ఏడాదిలో మూడూ కలిసిరావడంతో చిరు వ్యాపారి ఫోను గల్లాపెట్టె అయింది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి ఇచ్చుకోవలసిన రుసుము కూడా సున్నా అయింది.

దీనితో నమ్మకం బరువు ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మారింది. వి.పి.పి.లో సరుకు చేతికి వచ్చాకే డబ్బు. ఇప్పుడు కొనేవాడు ముందే డబ్బు పంపి, చూడని పండు కోసం ఎదురు చూస్తాడు. మధ్యలో ఖాకీ చొక్కా లేదు. అందుకే ఫోన్లో అమ్మేవాడికి మాట తప్పే వీలు పాతకాలం వ్యాపారికంటే తక్కువ. ఒక్క పెట్టె మోసమైతే స్క్రీన్‌షాట్ అపార్ట్‌మెంటు గ్రూపులోకి వెళ్తుంది, ఆ గ్రూపులో రెండు వందల ఇళ్లుంటాయి.

పెట్టెలో పండు

2020 వేసవిలో లాక్‌డౌన్ ఈ ముక్కలన్నింటినీ ఒకచోట కూర్చింది. మండీలు నడవడమే కష్టమైంది, తినేవాళ్లు ఇళ్లలో బందీలయ్యారు. మన సరిహద్దుకు ఆవల కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడికి పేరున్న ఊరు. మన భాష అక్కడ వీధి వీధినా వినిపిస్తుంది. కర్ణాటక మామిడి అభివృద్ధి, మార్కెటింగ్ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్లో ఆర్డర్లు వచ్చేలా చేసి, తపాలా శాఖ చేత 3 కిలోల పెట్టెలు బెంగళూరు ఇళ్లకు పంపించింది. వి.పి.పి. మోసిన చేతులే మళ్లీ పండ్లు మోశాయి. మన వైపున కూడా ఆర్టీసీ కార్గో, ప్రైవేటు బస్సులు, పాల వ్యానుల వెనక ఖాళీ దొరికినచోటల్లా అట్టపెట్టెలు కదిలాయి. బంగారుపాళ్యానికి ఇందులో ఒక వసతి ఉంది. చెన్నై–బెంగళూరు రహదారి మీది ఊరు కాబట్టి రెండు మహానగరాలూ ఒక్క పూట ప్రయాణం. సాయంత్రం ఎక్కించిన పెట్టె పొద్దునకు గుమ్మం ముందు ఉంటుంది.

ఇక్కడ ఫోను పని ముగిసి తోపు పని మొదలవుతుంది. పెట్టెలో పోయే కాయను ముదురు చూసి, తొడిమతో కోయాలి. తొడిమ విరిగితే సొన కారి తొక్క మీద మచ్చ పడుతుంది. మండీలో ఆ మచ్చను ఎవరూ పట్టించుకోరు, ఫోటో తీసే నగరవాసి పట్టించుకుంటాడు. పూర్తిగా పండిన కాయ దారిలో నలిగిపోతుంది, అందుకని దోరగా పంపి ఇంట్లో ఎన్నాళ్లు ఎలా ఉంచాలో చెప్పాలి. అందరూ అడిగే మొదటి ప్రశ్న "కార్బైడ్ పెట్టలేదు కదా?" కార్బైడ్‌తో పండించడం మన ఆహార చట్టం నిషేధించిన పని. "లేదు" అన్న మాటకంటే, కోసిన రోజు తోపులో తీసిన వీడియో, వరిగడ్డిలో మాగేస్తున్న వీడియో ఎక్కువ చెబుతాయి. ఈ వీడియోలకు పెద్ద కెమెరా అక్కర్లేదు. అవి అదే రోజు తీసినవై ఉంటే చాలు.

లెక్క కూడా చూసుకోవాలి. 256 మంది ఉన్న ఒక నిండు జాబితాలో ప్రతివాడూ ఐదు కిలోల పెట్టె ఒక్కటి కొంటే పోయేది 1,280 కిలోలు, అంటే టన్నుంపావు. ఎకరాకు నాలుగు టన్నులు కాసే ఐదెకరాల తోపుంటే 20 టన్నులు, 4,000 పెట్టెలు, పదహారు నిండు జాబితాలు. అన్ని పెట్టెలూ కట్టడానికి, అన్ని చిరునామాలు రాయడానికి, అన్ని జవాబులివ్వడానికి ఒక కుటుంబం చాలదు. కాబట్టి తోపంతా ఫోన్లో అమ్మేస్తామన్న మాట నమ్మకూడదు. మంచి కాయ ఏరి ఒకటి రెండు టన్నులు నేరుగా అమ్మి, మిగతాది మండీకి తోలేవాడికి మండీ ధర పడిపోయిన ఏడు కాస్త ఊపిరాడుతుంది. తోతాపురి సంగతి వేరు. అది గుజ్జు కాయ, పెట్టెలో పెట్టి పంపితే కొనేవాళ్లు కొద్దిమందే. దాన్ని తాండ్రగానో ఊరగాయగానో మార్చి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకొని అమ్మే స్వయం సహాయక సంఘానికో రైతు ఉత్పత్తిదారుల సంఘానికో మాత్రం ఇదే జాబితా ఏడాది పొడుగునా పనికొస్తుంది. తాండ్ర కుళ్లదు, తొందరపెట్టదు, పోస్టులో హాయిగా వెళ్తుంది.

మామిడి అమ్మకం రెండు మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలు ఏం మాట్లాడాలి? చాలామంది ఇక్కడే జారిపోతారు. మే నెలలో రోజుకు మూడు సందేశాలు పెట్టి, జూలై తర్వాత మాయమైపోతారు. మరుసటేడు మళ్లీ పలకరిస్తే కొన్నవాడికి ఎవరో గుర్తుండదు. గృహలక్ష్మి చేసిన పని ఇక్కడ చేయవచ్చు. జనవరిలో పూత ఫోటో, మంచు ఎక్కువై పూత మాడితే ఆ మాట, మార్చిలో పిందె, ఏప్రిల్ గాలివానకు రాలిన కాయ. ఈ సందేశాల్లో ధర ఉండకూడదు, కొనమన్న మాటా ఉండకూడదు. ఈ ఏడు పండు ఎందుకు ఆలస్యమైందో, ధర ఎందుకు పెరిగిందో తెలిసినవాడు బేరమాడడు. కాయ పాడై వచ్చిందని ఫోటో పంపితే వాదించకుండా బదులు పంపడం లేదా డబ్బు తిరిగి వేయడం మేలు. ఐదు కిలోల నష్టం కొత్త మనిషిని వెతికే ఖర్చుకంటే తక్కువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ తెలుగు జనమంతా చూశారు. 2025 ఏప్రిల్‌లో, ధర ఎక్కువన్న కొనుగోలుదారుకు ఒక పచ్చళ్ల వ్యాపారం నుంచి బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్లింది. కొన్ని గంటల్లో ఆ గొంతు రాష్ట్రాలు దాటింది, కొన్ని రోజుల్లో అమ్మకాలు ఆపుకోవలసి వచ్చింది. లక్షలమంది అనుచరులు ఆ వారం అడ్డం నిలబడలేదు, ఆ మెసేజ్‌ను ఇంకా దూరం మోసుకెళ్లింది వాళ్లే. ఒకరి చెవిలో చెప్పిన మాట అనుకున్నది ఊరంతా వినే మాటగా మారగలదు. ఫోన్లో వ్యాపారం చేసేవాడు ప్రతి జవాబునూ నలుగురిలో ఇస్తున్నట్టే ఇవ్వాలి.

పేర్లు ఎవరి పుస్తకంలో ఉన్నాయి?

ఇంత కథా నడిచాక చిన్న వ్యాపారి మళ్లీ పాత చిక్కులో పడే ప్రమాదం ఉంది. ఫేస్‌బుక్ 2007 నవంబరులో వ్యాపారాలకు పేజీలు ఇచ్చింది. మొదట్లో పేజీని ఇష్టపడినవాళ్లకు పోస్టులు బాగానే కనిపించాయి. తర్వాత తర్వాత డబ్బు కట్టి ప్రచారం చేస్తే తప్ప కొద్దిమందికే కనిపించే స్థితి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఎవరికి ఏం చూపాలో నిర్ణయించేది వ్యాపారి కాదు. పెద్ద ఈ-కామర్స్ వేదికల మీద అమ్మితే ఆర్డర్లు వస్తాయి, కానీ కొన్నవాడి ఫోను నంబరు సాధారణంగా వేదిక దగ్గరే ఉండిపోతుంది. మండీలో దళారి ఉన్న చోట ఇక్కడ యాప్ ఉంది. ఈ గుత్తను సడలించాలని కేంద్ర ప్రభుత్వం ఓఎన్‌డీసీ తెచ్చింది. 2021 డిసెంబరులో సంస్థ ఏర్పడింది, 2022 ఏప్రిల్‌లో బెంగళూరు సహా ఐదు నగరాల్లో ప్రయోగం మొదలైంది. ఏ యాప్‌లో వెతికినా ఏ యాప్‌లోని అమ్మకందారైనా కనిపించాలన్నది దాని ఆశయం. అదీ వెతకడాన్నే సులువు చేస్తుంది. దొరికిన మనిషిని గుర్తుపెట్టుకునే పని వ్యాపారిదే.

అందుకని ఈ రంగంలో నిలబడినవాళ్లు సోషల్ మీడియాను గుమ్మంగా, సొంత జాబితాను ఇల్లుగా వాడతారు. రీలు చూసి వచ్చినవాణ్ణి నంబరు దాకా తెచ్చుకుంటారు. ఆ నంబరును ఒక్క యాప్‌లో మాత్రమే ఉంచరు, ఎందుకంటే ఎక్కువమంది ఫిర్యాదు చేస్తే వాట్సాప్ ఖాతా ఒక్క పూటలో మూతపడగలదు, ఫోను బావిలో పడగలదు. పేరు, ఊరు, ఏ రకం ఇష్టం, ఎన్ని పెట్టెలు, ఏ ఏడు ఏం ఫిర్యాదు వంటివన్నీ ఒక గీతల నోటుబుక్కులోనో ఎక్సెల్ పట్టీలోనో రాసుకుంటారు. బంగారుపాళ్యం పక్క తోపులో ఈ పని మొదలుపెట్టాలనుకునే ఇంటికి యాభై పేర్లు చాలు. బెంగళూరులో, చెన్నైలో ఉన్న బంధువులు, వాళ్ల పక్కింటివాళ్లు, ఊరినుంచి వెళ్లిన చదువుకున్న పిల్లలు కలిస్తే ఆ యాభై నిండుతాయి. ఎవరికీ ముందే డబ్బు కట్టనక్కర్లేదు.

పేర్లు చేతికి వచ్చినందుకు ఇప్పుడు బాధ్యత కూడా వచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఎందుకోసం నంబరు తీసుకున్నారో అందుకే వాడాలన్నది, అడిగితే తీసేయాలన్నది దాని మూలసూత్రం. చట్టం భాష తెలియకపోయినా దాన్ని ఆచరించడం కష్టం కాదు. మామిడికిచ్చిన నంబరును ఇంటిస్థలాలమ్మే బావమరిదికి ఇవ్వకూడదు. ఊరందరినీ అడగకుండా ఒక గ్రూపులో వేసి, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించేలా చేయకూడదు. "ఇంక పంపొద్దండీ" అని ఒకాయన రాస్తే కారణం అడగకుండా ఆ రోజే పేరు తీసేసి, తీసేశామని ఒక మాట చెప్పాలి. అలా మర్యాదగా వెళ్లనిచ్చినవాళ్లలో కొందరు మరుసటి మే నెలలో తామే మెసేజ్ పెడతారు.